పీడీఎంపీతో తొమ్మిదేళ్లు: ఒక డాక్టర్ అనుభవం

అమెరికాలో ఫ్యామిలీ డాక్టర్‌ని. ఆక్సికోడోన్ లాంటి, వ్యసనంగా మారగల నొప్పి మాత్రలు (ఓపియాయిడ్లు) రాసే ముందు పేషెంటు పేరు, పుట్టినతేదీ కొట్టి చూసే ప్రిస్క్రిప్షన్ డ్రగ్ మానిటరింగ్ ప్రోగ్రాం, అదే పీడీఎంపీ, తొమ్మిదేళ్లుగా వాడుతున్నాను. ఎవరు రాశారు, ఏ ఫార్మసీ ఇచ్చింది, ఎన్ని మాత్రలు అన్నీ ఒక్క పేజీలో వస్తాయి. ఐదుకు మూడున్నర ఇస్తాను.

మొదటి రెండేళ్లు సరిగ్గా చూసిందే లేదు. విడిగా లాగిన్, మాటిమాటికీ కొత్త పాస్‌వర్డ్, బయట ఆరుగురు పేషెంట్లు. ‘మనవాళ్లు అలాంటివాళ్లు కాదులే’ అనే ధీమా ఒకటి. న్యూయార్క్‌లో 2013 నుంచే చూడటం తప్పనిసరి. మిస్సోరిలో 2021 దాకా రాష్ట్రమంతటికీ పీడీఎంపీ పెట్టే చట్టమే రాలేదు. నా అలవాటు మాత్రం చట్టానికి భయపడి మారలేదు. పేషెంటు రికార్డులోనే బటన్ వచ్చాక, నర్సు ముందే తీసి పెట్టే వీలు దొరికాక మారింది. డాక్టర్లు వాడట్లేదని విసుక్కునే అడ్మినిస్ట్రేటర్లూ, క్లాసులు పీకడం తర్వాత, ముందు క్లిక్కులు తగ్గించండి.

దీంతో దొంగలు దొరుకుతారనుకున్నాను. మాత్రల కోసం డాక్టర్లను మార్చుకుంటూ తిరిగినవాళ్లు నాకు కనిపించింది వేళ్లమీద లెక్కపెట్టేంత మందే. ఎక్కువగా బయటపడింది వేరు: నడుంనొప్పికి నేను ఓపియాయిడ్ రాస్తున్నా, ఇంకెవరో టెన్షన్‌కి అల్ప్రజోలం రాస్తున్నారు. రెండూ కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు. ఆ డాక్టరుకు నా మందు సంగతి తెలియదు, నాకు ఆయనది తెలియదు. ఒక్క ఫోన్ కాల్‌తో సర్దుకున్నాం.

ఒకసారి తప్పు నాదే. ఒక పెద్దావిడ పేరున నెలలో మూడు చీటీలు కనిపించేసరికి నా గొంతు మారిపోయింది, ఆవిడ మొహం చిన్నబోయింది. తీరా చూస్తే పన్ను పీకిన డాక్టరు, విరిగిన చేతికి కట్టుకట్టిన డాక్టరు, చివరికి నేను. మొత్తం ఇరవై మాత్రలు కూడా లేవు. అప్పట్నుంచీ స్క్రీన్ పేషెంటు వైపు తిప్పి, “ఇవేంటో కాస్త చెప్తారా అమ్మా” అని అడుగుతాను.

వీధిలో దొంగచాటుగా కొన్న ఫెంటనిల్ అనే ఓపియాయిడ్ ఇందులో కనపడదు. ఓపియాయిడ్ వ్యసనానికి వైద్యం చేసే మెథడోన్ క్లినిక్ ఇచ్చే డోసూ చాలాసార్లు కనపడదు. స్పెల్లింగ్ తేడా వస్తే ఒకే మనిషి రికార్డు రెండు ముక్కలవుతుంది. మన పొడుగాటి తెలుగు పేర్లయితే ఇక చెప్పక్కర్లేదు. ప్రమాదం ఎంతుందో అంచనా వేసి పక్కన చూపించే రిస్క్ స్కోరును నేను పెద్దగా పట్టించుకోను.

పేజీలో ఎర్రజెండా కనిపించగానే మాత్రలు ఆపేసి పంపేయడం మొదట్లో నేనూ చేశాను. ఆ మనిషి మళ్లీ రాలేదు. ఓపియాయిడ్ వ్యసనానికి ఇచ్చే బుప్రినార్ఫిన్ మందు రాయడానికి ప్రత్యేక అనుమతి కావాలన్న నిబంధన 2022 చివర్లో ఎత్తేశాక, అలాంటివాళ్లను పంపేయకుండా అదే గదిలో అప్పుడే వైద్యం మొదలుపెడుతున్నాను.