సింగపూర్ హాకర్ సెంటర్లు: ఇన్నేళ్లు తిన్నాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది ఏ ఒక్క స్టాల్ రివ్యూనో కాదు, మొత్తం హాకర్ సెంటర్ల గురించి, అందులోనూ నేను ఎక్కువగా తిరిగే టెక్కా, మాక్స్‌వెల్, లావ్ పా సాట్ గురించి. ఇక్కడికొచ్చి చాలా ఏళ్లయింది, వీకెండ్ వచ్చిందంటే మా బ్యాచ్ నలుగురం ఈ మూడింట్లో ఎక్కడో ఒకచోట తేలతాం.

తెలియనివాళ్లకి క్లుప్తంగా: పైన కప్పు, మధ్యలో బల్లలు, చుట్టూ వరసగా చిన్న చిన్న స్టాళ్లు, చాలా స్టాళ్లలో ఒకటో రెండో ఐటమ్స్ మాత్రమే. ఒకప్పుడు రోడ్ల మీద బళ్లు పెట్టుకుని అమ్మేవాళ్లని 1970ల నుంచి 80ల మధ్యదాకా గవర్నమెంటోళ్లు నీళ్లు, డ్రైనేజీ ఉన్న ఈ సెంటర్లలోకి మార్చారు, ఇప్పుడు ఊరంతా కలిపి వందకి పైనే ఉన్నాయి, 2020లో యునెస్కో లిస్టులోకి కూడా ఎక్కింది ఈ హాకర్ కల్చర్. ఆ యునెస్కో గొడవ నాకెందుకు గానీ, ఒకే మనిషి ఒకే వంటకాన్ని ఏళ్లకేళ్లు చేసి చేసి చెయ్యి తిరిగిపోయి ఉంటాడు చూడండీ, నేను డబ్బులిచ్చేది దానికి. ప్లేటు నాలుగైదు సింగపూర్ డాలర్లు, మహా అయితే ఆరేడు. ఈ ఊళ్లో ఆ డబ్బుకి ఏసీ రెస్టారెంట్లో స్టార్టర్ కూడా రాదు.

ఇక అసలు విషయం. అందరూ చెప్పే సలహా ఒకటుంది, పొడుగ్గా క్యూ ఉన్న స్టాల్‌కే వెళ్లండి అని. నేను ఒప్పుకోను. క్యూలో సగంమంది ఫోన్లో వీడియో చూసి వచ్చినవాళ్లే. మాక్స్‌వెల్‌లో చికెన్ రైస్ కోసం ఎండలో నిలబడి చెమటలు కక్కేవాళ్లని చూస్తే జాలేస్తుంది, అదే సెంటర్లో వేరే స్టాళ్లలో కూడా చికెన్ రైస్ దొరుకుతుంది, కళ్లుమూసుకుని తినమంటే ఏది ఎవరిదో నేనైతే చెప్పలేను. నేను క్యూ చూడను, ఏ ఐటమ్ రుచి పోకుండా ఎంతసేపు ఆగుతుందో చూస్తా. నలుగురు నాలుగు స్టాళ్ల నుంచి తెచ్చుకుని పంచుకోవాలంటే దీన్నిమించిన లెక్క లేదు.

ఎలాగంటే, చికెన్ రైస్ ఆగుతుంది. కోడిని ఉడికించి చల్లటి నీళ్లలో ముంచి తీస్తారు, చర్మం కింద సన్నగా జెల్లీలా పొర కట్టి ఉంటుంది, అది అసలు చల్లారాకే పెడతారు కాబట్టి పది నిమిషాలు లేటయినా ఏం పోదు. మొదటిసారి తినే మనవాళ్లు "ఏంట్రా ఇంత చప్పగా ఉంది" అంటారు, మా నాన్న కూడా అదే అన్నారు. ముక్క తిని తీర్పు చెప్పకండి, అన్నం తినండి ముందు. కోడి ఉడికించిన నీళ్లలోనే కొవ్వు, అల్లం, వెల్లుల్లి, వాసన కోసం పాండన్ అనే ఆకు వేసి వండిన అన్నం అది, పక్కనిచ్చే మిరపకాయ నిమ్మరసం చట్నీ కొంచెం నంజుకుని తింటే కూర అక్కర్లేదు.

చార్ క్వే తియావ్ అస్సలు ఆగదు. పెద్ద మంట మీద వెడల్పు నూడుల్స్‌ని టకటకా తిప్పేసి ఇస్తారు, ఆ పొగ వాసనే దాని ప్రాణం, కాస్త చల్లారిందా కొవ్వు పేరుకుని నోట్లో అతుక్కుంటుంది. పరోటా కూడా అంతే, ఇక్కడ ప్రాటా అంటారు. టెక్కాలో ప్రాటా మాస్టర్ ఎదురుగా నిలబడి చూడండి ఒకసారి, నూనె రాసిన స్టీలు బల్ల మీద పిండి ముద్దని అరచేత్తో నొక్కి, అంచు పట్టుకుని గాల్లోకి విసిరి బల్లకేసి కొడతాడు, రెండు మూడు విసుర్లకే కింద బల్ల కనపడేంత పల్చగా సాగిపోతుంది, మడత పెట్టి పెనం మీద వేస్తాడు, కాలాక రెండు చేతులతో పక్కల నుంచి చప్పట్లు కొట్టినట్టు కొడితే పొరలు విడిపోతాయి. అది ప్లేట్లో పడ్డ క్షణం నుంచి మెత్తబడటమే పని, అందుకే అందరూ కూర్చున్నాకే ఆఖర్న ఆర్డరిస్తాం.

సాటే (పుల్లలకి గుచ్చి కాల్చే మాంసం ముక్కలు) మాత్రం ముందే చెప్పి పెట్టాలి, బొగ్గుల మీద కాల్చేది కదా టైం పడుతుంది. దానికి లావ్ పా సాట్. 1894 నాటి పోత ఇనుప కట్టడం, ఎనిమిది పలకల ఆకారం, రాత్రయ్యేసరికి పక్కనున్న బూన్ టాట్ స్ట్రీట్‌లో వాహనాలు రాకుండా ఆపేసి రోడ్డు మీదే బల్లలు వేస్తారు. టూరిస్టులు ఎక్కువ, రేటు కూడా కొంచెం ఎక్కువే, అయినా ఆ పల్లీ సాస్‌లో ముంచి తింటుంటే రేటు గుర్తుకురాదు.

బిర్యానీ గురించి అడుగుతారని తెలుసు. టెక్కాలో బాగుంటుంది, కానీ హైదరాబాద్ బిర్యానీని మనసులో పెట్టుకుని వెళ్తే మాత్రం ఉసూరుమంటారు. దీనికి కూర గ్రేవీ పోసి, పక్కన తియ్యపుల్లటి కీరా అచార్ ఇస్తారు. దాని దారి దానిది.

వెజ్ తినేవాళ్లు జాగ్రత్త. "నో మీట్" అంటే పైన ముక్కలు తీసేసి ఇస్తారంతే, సంబల్ అనే మిరపకాయ ముద్దలో ఎండురొయ్యలు ఉండొచ్చు, నూడుల్స్‌లో పంది కొవ్వు ఉండొచ్చు, సాస్ ఆయిస్టర్‌ది (ఆల్చిప్పల మాంసంతో చేసేది) అయ్యుండొచ్చు. మా అమ్మ వచ్చినప్పుడు టెక్కాలో దోసె దగ్గరే సెటిలైపోయాం. చైనీస్ వెజిటేరియన్ స్టాళ్లు కూడా ఉంటాయి, బౌద్ధుల పద్ధతి కాబట్టి చాలావాటిలో ఉల్లి వెల్లుల్లి కూడా వెయ్యరు, అయితే సోయాతో చేసిన ముక్కలు అచ్చం మాంసంలా ఉంటాయి, అమ్మ వాటిని చూసి ప్లేటు పక్కకి నెట్టేసింది.

సీఫుడ్ దగ్గర ఒక మాట. బోర్డు మీద రేటు 100 గ్రాములకి రాసి ఉంటుంది, చాలామంది అది ప్లేటు రేటనుకుంటారు. ఓ స్టాల్లో (పేరెందుకులెండి) ఎంతవుతుందని అడిగితే నవ్వి ఊరుకున్నాడు, బిల్లు చూశాక మేం నవ్వలేదు. తూకం వేశాక మొత్తం చెప్పించుకుని అప్పుడు వండమనండి.

కాఫీ: ఊరికే కోపీ అంటే కండెన్స్‌డ్ మిల్క్ వేసి బాగా తియ్యగా ఇస్తారు. తీపి తగ్గాలంటే సియూ దాయ్, పాలు వద్దంటే కోపీ ఓ, పాలూ పంచదారా రెండూ వద్దంటే కోపీ ఓ కోసాంగ్. గింజల్ని వెన్నలాంటిదీ పంచదారా వేసి నల్లగా వేయిస్తారు కాబట్టి మన ఫిల్టర్ కాఫీ రుచి రాదు, అలవాటైతే మాత్రం వదలరు.

మిగతావి గబగబా. ఏసీ ఉండదు, ఫ్యాన్ కింద బల్ల దొరికితే అదృష్టం. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా ఆఫీసు జనం, ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే అది బుక్కయిపోయినట్టే, తీసి పక్కన పెట్టి కూర్చుంటే గొడవ. తిన్నాక ట్రే మనమే తీసుకెళ్లి ర్యాకులో పెట్టాలి, 2021 సెప్టెంబర్ నుంచి ఇది రూలు, మొదటిసారి వార్నింగ్, రెండోసారి 300 డాలర్లు ఫైను. హలాల్ ట్రేలకి వేరే ర్యాకు ఉంటుంది, బోర్డు చూసి పెట్టండి. చాలాచోట్ల క్యూఆర్ కోడ్ ఉన్నా కొంతమంది ముసలి అంకుల్స్ క్యాషే అడుగుతారు, చిల్లర ఉంచుకోండి. సోమవారం చాలా స్టాళ్లకి సెలవు, పైగా మూణ్నెల్లకోసారి సెంటర్ మొత్తం క్లీనింగ్‌కి మూసేస్తారు, ఊరి ఆ చివర నుంచి ఎమ్మార్టీ (ఇక్కడి మెట్రో రైలు) ఎక్కి వచ్చేవాళ్లయితే బయల్దేరే ముందు ఆ డేట్లు చూసుకోండి.