పన్నెండేళ్లుగా డాక్యుమెంటరీలు చూస్తున్నా: ఇప్పటికీ మళ్లీ పెట్టుకునేవి ఇవి

డాక్యుమెంటరీ చూసిన రాత్రే అది బాగుందో లేదో చెప్పడం కష్టం. ఆ రాత్రికి అన్నీ బాగున్నట్టే ఉంటాయి, ఎవరికో ఒకరికి ఫోన్ చేసి వెంటనే చూడమని చెప్పాలనిపిస్తుంది. ఆర్నెల్లు పోయాక అందులో ఒక్క ముఖమైనా గుర్తుందా, రెండోసారి పెట్టుకుంటే చివరిదాకా కూర్చున్నామా, నేను చూసుకునే లెక్క అదీ. 2013 నుంచి వారానికి ఒకటైనా చూస్తూ వస్తున్నాను, మొదట్లో హైదరాబాద్‌లో అద్దె గదిలో ల్యాప్‌టాప్ మీద ఒక్కడినే, ఇప్పుడు హన్మకొండ ఇంట్లో టీవీలో అమ్మా బాపులతో కలిసి. వందల్లో చూసి ఉంటాను గానీ మళ్లీ మళ్లీ పెట్టుకున్నవి పది కూడా ఉండవు. వాటిలో కొన్నింటి గురించి, పనిలో పనిగా నన్ను విసిగించిన వాటి గురించి కూడా చెప్తాను.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది బ్రిటన్‌లో తీసిన 'అప్' సిరీస్. 1964లో గ్రెనడా టీవీ వాళ్లు ఏడేళ్ల పిల్లలు 14 మందిని ఎంచుకున్నారు. డబ్బున్నవాళ్ల బడుల్లో చదివేవాళ్లు, లండన్ ఈస్ట్ ఎండ్‌లో రెక్కాడితే గానీ డొక్కాడని ఇళ్ల పిల్లలు, పిల్లల హోమ్‌లో పెరుగుతున్న ఇద్దరు మగపిల్లలు, కొండల్లో ఒక రైతు కొడుకు, ఇలా. పెద్దయ్యాక ఏమవుతారు, డబ్బున్నవాళ్ల గురించి ఏమనుకుంటున్నారు, పేదవాళ్ల గురించి ఏమనుకుంటున్నారు అని అడిగి 'సెవెన్ అప్' అని తీశారు. దానికి పరిశోధకుడిగా పనిచేసిన మైకేల్ ఆప్టెడ్ ఆ తర్వాత తనే డైరెక్టర్ అయి ప్రతి ఏడేళ్లకూ వాళ్ల దగ్గరికే మళ్లీ వెళ్లారు. 14, 21, 28 అంటూ 2019లో '63 అప్' దాకా మొత్తం తొమ్మిది సినిమాలు. 2021 జనవరిలో ఆయన పోయారు.

ఇందులో నిక్ అనే పిల్లాడు ఉంటాడు, యార్క్‌షైర్ కొండల్లో రైతుబిడ్డ. ఏడేళ్లప్పుడు పెద్ద బూట్లు వేసుకుని పొలం దారిలో నడుచుకుంటూ, పెద్దయ్యాక చంద్రుడి గురించి అంతా తెలుసుకుంటానని చెప్తాడు. గర్ల్‌ఫ్రెండ్ ఉందా అని అడిగితే అలాంటి ప్రశ్నలకు నేను జవాబు చెప్పను అంటాడు. పద్నాలుగేళ్లకు మోకాళ్లలో తల దాచుకుని కెమెరా వంక కన్నెత్తి కూడా చూడడు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ఫిజిక్స్ చదివి, అమెరికా వెళ్లి విస్కాన్సిన్‌లో ప్రొఫెసర్ అవుతాడు. 63 ఏళ్లకు గొంతు క్యాన్సర్‌తో ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే, నేను ఆ మాటలు సరిగ్గా వినలేకపోయాను, ఆ బూట్ల పిల్లాడే కళ్ల ముందు తిరిగాడు. 2023లో ఆయన చనిపోయారని చదివినప్పుడు మా ఇంటి మనిషి పోయినట్టే అనిపించింది. అదే బాధ నీల్ విషయంలో ఇంకోలా ఉంటుంది. ఏడేళ్లకు లివర్‌పూల్ వీధిలో గెంతుతూ ఆస్ట్రోనాట్ అవుతా, లేకపోతే బస్సు నడుపుతా అన్న హుషారైన పిల్లాడు, 28 ఏళ్లకు స్కాట్లాండ్‌లో ఇల్లూ వాకిలీ లేకుండా తిరుగుతుంటాడు. అక్కడ ఆపేసి నేను వారం రోజులు ముందుకు వెళ్లలేదు. మీరు ఆపకండి. 42కి అతను లండన్‌లో కౌన్సిలర్‌గా గెలిచి ఉంటాడు, అదే సిరీస్‌లో ఉన్న బ్రూస్ అతనికి కొంతకాలం తన ఇంట్లో చోటిచ్చి ఉంటాడు.

చూసే పద్ధతి గురించి ఒక మాట. తొమ్మిదీ వరసపెట్టి చూడొద్దు. ప్రతి సినిమాలోనూ పాత ముక్కలు మళ్లీ వస్తాయి, ఏడేళ్లకోసారి చూసేవాళ్లకు అది అవసరం, మనకు మూడో రోజుకే విసుగు. నేను మొదటిసారి అలా చూసి సగం పాడుచేసుకున్నాను. రెండోసారి నెలకొకటి చొప్పున చూశాను, అప్పుడే అసలు సంగతి అందింది. చివరి '63 అప్' ఒక్కటి చూసినా కథ తెలుస్తుంది కదా అంటారు, తెలుస్తుంది, కానీ వాళ్లతో పాటు మనమూ పెద్దవడం అనేది పోతుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. 14 మందిలో ఆడపిల్లలు నలుగురే, అది పొరపాటేనని ఆప్టెడ్ తర్వాత ఒప్పుకున్నారు. ఈస్ట్ ఎండ్ అమ్మాయిలను అడిగిన ప్రశ్నలు చూడండి, పెళ్లి, మగవాళ్లు, పిల్లలు, వీటి చుట్టే. అందుకే '49 అప్'లో, ఆ అమ్మాయిల్లో ఒకరైన జాకీ ఆయన మీద ఎదురు తిరుగుతుంది, నన్ను నీకు నచ్చినట్టు కత్తిరించి చూపిస్తావు, దాని మీద నా చేతిలో ఏముంది అని ముఖం మీదే అడుగుతుంది. ఆ ముక్కను ఆయన తీసేయకుండా సినిమాలో ఉంచారు. నాకు ఆ సిరీస్ మీద గౌరవం అక్కడ రెట్టింపయింది. కెమెరా పట్టినవాడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడు అనే ప్రశ్న నాలో అప్పుడే మొదలైంది.

దానికి జవాబు మన పక్కనే దొరికింది, జహీరాబాద్ వైపు. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఉన్న మహిళా రైతులు, ఎక్కువమంది దళితులు, చాలామంది బడికి వెళ్లనివాళ్లు, కెమెరా నేర్చుకుని సినిమాలు తీశారు. షాట్లకు వాళ్లు పెట్టుకున్న పేర్లు వినండి. పటేలు మనల్ని చూసినట్టు పైనుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చున్నట్టు కంటికి కన్ను ఎదురుగా పెడితే అది సంఘం షాట్. ఇంతకంటే మంచి సినిమా పాఠం నేనెక్కడా వినలేదు, ఇప్పుడు ఏది చూసినా ఇది ఏ షాట్ అని నా మనసు దానంతట అదే వెతుకుతుంది.

వాళ్లు 2003లో తెచ్చిన సినిమా ఒకటి ఉంది, కాయ పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ పత్తి మీద వరంగల్ రైతులకు కోపం ఎందుకు వచ్చిందని. బీటీ పత్తికి దేశంలో 2002లో అనుమతి వచ్చింది. ఆ మొదటి పంట కాలమంతా ఈ అక్కలు నెలనెలా మా జిల్లాకు వచ్చి, అవే చేన్లలో అవే రైతులతో మాట్లాడారు. విత్తు వేసినప్పుడు ఉన్న ఆశ, పూత, కాయ, పురుగు, మందు ఖర్చు, చివరికి చేతికొచ్చింది ఎంత, అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. బొమ్మ అంత స్పష్టంగా ఉండదు, గాలి చప్పుడు మాటల మీద పడుతుంది, అయినా బాపు కదలకుండా చూశాడు. ఆయన పత్తి పెట్టిన మనిషే. మధ్యలో ఆపమని లేచి టీవీ దగ్గరికి వెళ్లి, ఆ మొక్క కాండం మీద వేలు పెట్టి, "చూడు, కాయలు మంచిగనే పట్టినయి, నీళ్లు లేక ఎండింది ఇది" అన్నాడు. బాపుకు సినిమా చెప్పినదాంతో కొన్నిచోట్ల ఒప్పుదల లేదు. విత్తనం ఒక్కదాన్నే అనొద్దు, ఆ ఏడు వానలు కూడా సరిగా లేవు అంటాడు. నేను కూడా ఆ ఒక్క సినిమాతో బీటీ మీద తీర్పు చెప్పను. కానీ ఒక రైతు చెప్పేది ఇంకో రైతు చేను గట్టున నిలబడి వింటుంటే మాట ఎలా మారుతుందో చూడాలంటే అది చూడాల్సిందే. టౌన్ నుంచి వచ్చినవాడికి చెప్పని లెక్కలు వాళ్లకు చెప్తారు.

ఇంట్లో అందరం కలిసి మూడుసార్లు చూసింది మాత్రం 'హనీల్యాండ్' (2019). ఉత్తర మాసిడోనియాలో, కరెంటు లేని, అందరూ వదిలేసి వెళ్లిపోయిన ఊళ్లో, హతీజే అనే ఆమె మంచం పట్టిన ముసలి తల్లితో ఉంటుంది. రాళ్ల సందుల్లో తేనెటీగలను పెంచుతుంది. పట్టు తీసిన ప్రతిసారీ సగం నాకు, సగం మీకు అని ఈగలతో చెప్తుంది. పక్కన ఒక కుటుంబం వచ్చి దిగుతుంది, ఏడుగురు పిల్లలు, ఆవులు, బండి. ఆయనా తేనె మొదలుపెడతాడు, కొనేవాడు ఇంకా కావాలని వెంటపడతాడు, సగం వదలాలన్న లెక్క తప్పుతుంది. తర్వాత జరిగేది నేను చెప్పను. ఆ కుటుంబాన్ని విలన్లుగా చూపించకపోవడం నాకు అన్నిటికంటే నచ్చింది. అప్పులూ పిల్లలూ ఉన్న మనిషి ఎందుకు అలా చేస్తాడో మన ఊళ్లలో తెలియనిది ఎవరికి?

అమ్మకు ఇంగ్లీషు రాదు, మొదటిసారి చూసినప్పుడు సబ్‌టైటిల్స్ చదివి చెప్పడానికి పక్కన కూర్చున్నాను. పది నిమిషాలకు, "నువ్వు ఊకో బిడ్డా, నాకు తెలుస్తున్నది" అన్నది. తర్వాత చదివితే తెలిసింది, అది తీసిన ఇద్దరు డైరెక్టర్లకూ హతీజే మాట్లాడే టర్కిష్ రాదట, మూడేళ్లు తీసిన 400 గంటల బొమ్మను ముందు మాటలు పక్కనపెట్టి చూపును బట్టే ఎడిట్ చేశారట. అమ్మకు అర్థమైంది అందుకే. సినిమా అయిపోయాక అమ్మ అడిగిన మొదటి మాట, ఆమె ఇప్పుడు ఎట్లున్నది అని. వాళ్లు ఆమెకు చుట్టాలుండే ఊరి దగ్గర ఇల్లు కొనిచ్చారని చెప్తే గానీ అమ్మ లేవలేదు.

ఆనంద్ పట్వర్ధన్ తీసిన 'జై భీమ్ కామ్రేడ్' తేలిక సినిమా కాదు, నిడివే సుమారు మూడు గంటలు. 1997 జూలైలో ముంబై రమాబాయి నగర్‌లో అంబేడ్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేశారు, నిరసనకు దిగిన బస్తీ జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు, పదిమంది చనిపోయారు. అది తట్టుకోలేక కొద్దిరోజులకు విలాస్ ఘోగ్రే అనే పాటగాడు ఉరివేసుకున్నాడు. పట్వర్ధన్ 1985లో తీసిన 'బాంబే అవర్ సిటీ'లో పాడింది ఈయనే. ఆ స్నేహితుడి కోసం మొదలుపెట్టి 14 ఏళ్లు తీశారు. కోర్టులు, ఊరేగింపులు, ఇరుకు గదులు, అన్నిటి మధ్యా పాట. డప్పు వినపడితే ఇంట్లోంచి బయటికొచ్చే మనలాంటివాళ్లకు మరాఠీ రాకపోయినా అందులో కొంత ముందే తెలిసినట్టు ఉంటుంది. గద్దర్ పాటలు వింటూ పెరిగినవాళ్లయితే తప్పకుండా చూడండి, కానీ ఒక్కరే చూడండి, రెండు విడతలుగా చూడండి, రాత్రి పడుకునే ముందు మాత్రం వద్దు.

జంతువుల సినిమాల సంగతికొస్తే, 'ప్లానెట్ ఎర్త్ 2' (2016) మొదటిసారి చూస్తున్నప్పుడు గాలపాగోస్ దీవుల్లో ఇగ్వానా పిల్ల పాముల గుంపులోంచి పరుగెత్తే చోట నా చేతులు చల్లబడ్డాయి. ఐదారుసార్లు చూశాక, అది రకరకాల షాట్లు కలిపి కుట్టిన పరుగని, ఇలాంటి సినిమాల్లో వినిపించే అడుగుల చప్పుళ్లు చాలావరకు స్టూడియోలో తర్వాత కలిపేవని తెలిసింది. కొంత బాధగానే ఉంది, చెప్పి ఉంటే బాగుండేది. ఆ సిరీస్‌లో నాకు నిలిచింది నగరాల ఎపిసోడ్, ముంబైలో చిరుత రాత్రిపూట జనం మధ్య తిరిగేది. 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' చాలామంది చూసే ఉంటారు, 2023లో మన 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చిన వేదిక మీదే దానికీ వచ్చింది. తమిళనాడు ముదుమలై అడవిలో బొమ్మన్, బెళ్లి దంపతులు, తల్లి లేని ఏనుగు గున్న రఘు, అంతే కథ. నలభై నిమిషాలు. డాక్యుమెంటరీ అంటే బోరు అనేవాళ్లకు మొదట ఇదే పెట్టండి. నాకైతే ఆ మనుషుల కష్టం ఇంకాస్త చూపించి ఉండాల్సింది అనిపిస్తుంది, సంధ్యా కాంతి మరీ ఎక్కువైంది.

నచ్చనివి చెప్పడానికి ఎక్కువ చోటు ఇవ్వను. ఓటీటీల్లో వచ్చే నేరాల సిరీస్‌లు ఏడెనిమిది చూశాను. గంటన్నరలో అయిపోయే కథను ఆరు ఎపిసోడ్లకు సాగదీస్తారు, డ్రోన్ పైకి లేస్తుంది, భయపెట్టే మ్యూజిక్, అసలు విషయం దగ్గరికి రాగానే ఎపిసోడ్ కట్. చనిపోయిన అమ్మాయి ఫొటో ఇరవైసార్లు చూపించి, ఆమె ఏం చదివేది, ఎవరితో నవ్వేది ఒక్కసారీ చెప్పరు. ఒక్కటి కూడా రెండోసారి పెట్టుకోలేదు. ఇంకో కష్టం తెలుగు. మంచి డాక్యుమెంటరీకి తెలుగు సబ్‌టైటిల్స్ దొరకడమే గగనం, డబ్బింగ్ ఉన్నా పాఠ్యపుస్తకం చదువుతున్నట్టు ఉంటుంది, అమ్మ పది నిమిషాల్లో నిద్రపోతుంది. అందుకే నేను ముందు రోజే ఒక్కడినే చూసి, ముఖ్యమైన మాటలు కాగితం మీద తెలుగులో రాసుకుని, మర్నాడు చదివి వినిపిస్తాను. ఓపికుంటే మీరూ చేయండి, ఇంట్లో పెద్దవాళ్లు ఎన్ని అడుగుతారో చూడండి.

'అప్' చూస్తున్న రోజుల్లో, 2018లో, మా అక్క కూతురికి ఏడేళ్లు నిండాయి. ఫోన్ పెట్టి అవే ప్రశ్నలు అడిగాను. పోలీసు అవుతాను, నిన్ను కూడా పట్టుకుంటాను మామా అని చెప్పింది. పోయిన ఏడు దసరాకు వచ్చినప్పుడు పద్నాలుగేళ్లు, మళ్లీ కూర్చోబెట్టాను. మోకాళ్లు దగ్గరికి లాక్కుని తల దించుకుని, "ఇప్పుడు వద్దు మామా" అంది. అది కూడా రికార్డయింది, చెరపకుండా దాచాను. తర్వాతిది 2032లో.