కుటుంబంతో అమెరికా ఎయిర్‌పోర్టుల్లో: ప్రీచెక్, గ్లోబల్ ఎంట్రీ, క్లియర్‌లలో ఏది నయం?

పిల్లలున్న ఇంటికి గ్లోబల్ ఎంట్రీయే మేలు; అది విదేశాల నుంచి అమెరికా తిరిగొచ్చేటప్పుడు ఇమిగ్రేషన్ త్వరగా అయ్యే సదుపాయం. ఒక్క ప్రీచెక్ (సెక్యూరిటీ తనిఖీ త్వరగా అయ్యే లైను) మాత్రమే కావాలంటే పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. హెచ్1బీ మీద ఉన్న భారతీయులు గ్లోబల్ ఎంట్రీకి దరఖాస్తు చేసుకోవచ్చు, దానితోపాటు ప్రీచెక్ కూడా వస్తుంది. ఫీజు 120 డాలర్లు, అయిదేళ్లు పనిచేస్తుంది.

సెక్యూరిటీ దగ్గర 12 ఏళ్లలోపు పిల్లలు తల్లిదండ్రులతోపాటే ప్రీచెక్ లైన్లోకి వెళ్లిపోతారు. 13 నుంచి 17 ఏళ్ల వాళ్లయితే టికెట్లు ఒకే బుకింగ్‌లో ఉండాలి, వాళ్ల బోర్డింగ్ పాస్ మీద కూడా ప్రీచెక్ గుర్తు పడాలి. తిరిగొచ్చేటప్పుడు ఇమిగ్రేషన్ దగ్గర మాత్రం చంటిపిల్లకైనా సొంత గ్లోబల్ ఎంట్రీ ఉండాల్సిందే.

మనవాళ్లకు ఎక్కువగా బెడిసికొట్టేది పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి టికెట్‌లో పొడి అక్షరం ఉంటే బోర్డింగ్ పాస్ మీద ప్రీచెక్ గుర్తు పడకపోవచ్చు. బుక్ చేసేటప్పుడే కేటీఎన్ (ప్రీచెక్, గ్లోబల్ ఎంట్రీ ఉన్నవాళ్లకిచ్చే గుర్తింపు నంబరు) వేయండి, చెక్-ఇన్ కాగానే పాస్ చూసుకోండి. లేదంటే మామూలు లైనే.

క్లియర్ అనే ప్రైవేటు సర్వీసు, గుర్తింపు చూసే క్యూ ఒక్కటే తప్పిస్తుంది, స్కానింగ్ తప్పదు. కుటుంబానికి దండగ.

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ప్రీచెక్ లేకపోతే, ఒకరు వాళ్లతో మామూలు లైన్లో నిలబడండి. పసిపిల్లల పాలు 100 మిల్లీలీటర్లు దాటినా పర్వాలేదు, విడిగా తీసి చూపించాలి. ఆవకాయ సీసా మాత్రం చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టండి.