ఎలైట్ డేంజరస్‌లో ఏ తుపాకీ బిగించాలి? ఆరేళ్లు ఆడాక నా అనుభవం

ఎలైట్ డేంజరస్ అంతరిక్ష ఓడలు నడిపే కంప్యూటర్ గేమ్. అందులో వల్చర్ అనే యుద్ధ ఓడ కొన్న రోజు దాని రెండు లార్జ్ హార్డ్‌పాయింట్లలోనూ (తుపాకులు బిగించే స్లాట్లు) బీమ్ లేజర్లే బిగించాను. డ్యామేజ్ అంకె చూసి మనసాగలేదు. వలయాలున్న గ్రహం దగ్గర మొదటి పైరేట్ కనిపించగానే తుపాకులు బయటికి తీశాను. అదే క్షణంలో ఓడను కాపాడే షీల్డ్ ఆగిపోయింది. వల్చర్ పవర్ ప్లాంట్ సైజు 4 మాత్రమే. తుపాకులు లోపలున్నంతసేపూ సరిపోయిన పవర్, అవి బయటికి రాగానే చాలలేదు. ఓడ పేలిపోయింది. దాని ఖరీదులో 5 శాతం రీబై కట్టి మళ్లీ తెచ్చుకున్నాను.

ఆ తర్వాత ఆరేళ్లుగా దాదాపు ప్రతి వారం ఆడుతున్నాను, ఎక్కువగా బౌంటీ వేటే (తలపై బహుమతి ఉన్న పైరేట్లను కొట్టడం). ఇప్పుడు తుపాకీ కొనే ముందు డ్యామేజ్ చూడను. పవర్ ఎంత తింటుంది, పవర్‌ను పంచే డిస్ట్రిబ్యూటర్ దాన్ని ఎంతసేపు మోయగలదు అనేవి ముందు చూస్తాను. ఓడకు పరికరాలు బిగించే అవుట్‌ఫిటింగ్ తెరలో, తుపాకులు బయటికి తీసినప్పుడు పడే పవర్ లెక్క విడిగా కనిపిస్తుంది. అది వంద శాతం దాటితే దూర ప్రయాణాలకు వాడే ఫ్రేమ్ షిఫ్ట్ డ్రైవ్‌నూ కార్గో హ్యాచ్‌నూ చివరి ప్రయారిటీకి తోసేస్తాను, పవర్ చాలకపోతే అవే ముందు ఆగిపోతాయి. పోరులో వాటితో పనిలేదు. తుపాకులు లోపలికి తీసుకోగానే డ్రైవ్ మళ్లీ పనిచేస్తుంది, పారిపోవాలన్నా ఇబ్బంది లేదు.

ఇక లేజరా, బుల్లెట్లు కాల్చే మల్టీక్యానన్నా అన్న ప్రశ్న. రెండూ కావాలి. మామూలు షీల్డ్ మీద లేజర్ వేడి 20 శాతం ఎక్కువ పనిచేస్తుంది, బుల్లెట్ల దెబ్బ మాత్రం 40 శాతం తగ్గిపోతుంది. షీల్డ్ పడిపోయి హల్ (ఓడ శరీరం) బయటపడ్డాక బుల్లెట్లదే పైచేయి. అందుకే లేజర్లను మొదటి ట్రిగ్గర్‌కీ మల్టీక్యానన్లను రెండోదానికీ పెట్టుకుంటాను. షీల్డ్ ఉన్నంతసేపూ బుల్లెట్లు ఖర్చు చేయను. జింబల్ (లక్ష్యం వైపు తనంతట తానే కొంత తిరిగే) మల్టీక్యానన్‌లో క్లిప్‌కు 90 చొప్పున, నిల్వలో 2100 బుల్లెట్లు ఉంటాయి. ఒక సాయంత్రం వేటకు సరిపోతాయి, కానీ షీల్డ్ మీద పోసేస్తే మధ్యలోనే స్టేషన్‌కు వెళ్లాల్సి వస్తుంది.

బీమ్ లేజర్ చూడ్డానికి బాగుంటుంది, వెపన్ కెపాసిటర్‌ను (తుపాకుల పవర్ నిల్వను) మాత్రం ఇట్టే ఖాళీ చేస్తుంది. పంచుకోవడానికి ఉన్న ఆరు పిప్స్‌లో (పవర్ వాటాల్లో) నాలుగు వెపన్లకే ఇచ్చి కూర్చుంటే షీల్డ్‌కూ ఇంజిన్‌కూ కలిపి మిగిలేవి రెండే. పల్స్ లేజర్‌ది చిన్న అంకె. కానీ పొదుపుగా, ఆగకుండా కాలుస్తూనే ఉంటుంది, పిప్స్ షీల్డ్‌లోనే ఉంచుకోవచ్చు. కొత్తవాళ్లు ఎవరడిగినా నేను చెప్పేది ఇదే: కోబ్రా మార్క్ త్రీ ఓడలో రెండు మీడియం స్లాట్లకు మల్టీక్యానన్లు, రెండు స్మాల్ స్లాట్లకు పల్స్ లేజర్లు, అన్నీ జింబల్‌వి.

చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ప్రతి తుపాకీకీ పియర్సింగ్ (చొచ్చుకుపోయే శక్తి) అంకె, ప్రతి ఓడకూ హార్డ్‌నెస్ (గట్టిదనం) అంకె ఉంటాయి. స్మాల్ మల్టీక్యానన్ పియర్సింగ్ 22, అనకొండ అనే పెద్ద ఓడ హార్డ్‌నెస్ 65. అంటే ఆ బుల్లెట్ డ్యామేజ్‌లో మూడో వంతే హల్‌కు తగులుతుంది. హ్యూజ్ మల్టీక్యానన్ పియర్సింగ్ 68 కాబట్టి పూర్తిగా దిగుతుంది. చిన్న ఓడతో అనకొండ మీదికి వెళ్లి, అరగంట కాల్చినా హల్ కరగడం లేదని బాధపడేవాళ్లకు కారణం ఇదే.

దీనికి మందు ఇంజినీర్ల (గేమ్‌లో ఆయుధాలను మెరుగుపరిచే పాత్రలు) దగ్గర ఉంది. 2016లో ఇంజినీర్లు వచ్చాక తుపాకుల లెక్కే మారిపోయింది. వోల్ఫ్ 397 నక్షత్ర వ్యవస్థలో ఉండే టాడ్ మెక్విన్ దగ్గరికి ముందుగా వెళ్లండి. 15 బౌంటీ వోచర్లు సంపాదిస్తే పిలుపు వస్తుంది, లక్ష క్రెడిట్ల వోచర్లు ఇస్తే పని మొదలుపెడతాడు. ఒక మల్టీక్యానన్‌కు కొరోసివ్ షెల్ వేయించుకోండి. అది తగిలిన ఓడ హార్డ్‌నెస్ 20 పడిపోతుంది, హల్‌కు తగిలే దెబ్బ పావు వంతు పెరుగుతుంది. నిల్వ బుల్లెట్లు కొంత తగ్గుతాయి, ఫరవాలేదు. ఈ ప్రభావం ఒకదాని మీద ఒకటి చేరదు కాబట్టి ఒక్క తుపాకీకి చాలు.

మా తమ్ముడు నాతో వింగ్‌లో (జట్టుగా) ఆడతాడు. వాడివన్నీ ఫిక్స్‌డ్ (నేరుగా ముందుకే కాల్చే) తుపాకులే. "అక్కా, వాళ్లు చాఫ్ వేస్తే నీ జింబల్స్ ఎటో కొడతాయి కదా" అంటాడు. నిజమే, చాఫ్ జింబల్ గురిని చెదరగొడుతుంది. అప్పుడు టార్గెట్ తీసేస్తాను. లాక్ లేకపోతే జింబల్ కూడా నేరుగానే కాలుస్తుంది, చాఫ్ పోయాక మళ్లీ లాక్ చేస్తాను. అనకొండ పవర్ ప్లాంట్ లాంటి సబ్‌సిస్టమ్‌ను గురిపెట్టి కొట్టాలంటే నాకు జింబలే సుఖం.

ఫ్రాగ్ క్యానన్ (ముక్కలు వెదజల్లే తుపాకీ) ముఖం మీదికి వెళ్లి కొట్టేవాళ్లకే. క్లిప్‌లో మూడే షాట్లు. టరెట్లు (తామే తిరిగి కాల్చే తుపాకులు) నాకు నచ్చలేదు, దెబ్బ మరీ తక్కువ.

ఇప్పుడు నడుపుతున్నది ఫెర్ డి లాన్స్. హ్యూజ్ స్లాట్‌లో మల్టీక్యానన్, నాలుగు మీడియం స్లాట్లలో మూడు ఎఫిషియంట్ (తక్కువ పవర్ తినేలా మార్చిన) బర్స్ట్ లేజర్లు, ఒక కొరోసివ్ మల్టీక్యానన్. లేజర్లు బ్రూ టార్క్విన్ అనే ఇంజినీర్ చేత చేయించాను. ఈ సెటప్‌తో హజార్డస్ సైట్‌లో (ప్రమాదం అత్యంత ఎక్కువగా ఉండే వేట చోటు) గంటల తరబడి నిలబడగలుగుతున్నాను.

థార్గాయిడ్లనే గ్రహాంతర జీవుల మీదికి మాత్రం వీటితో వెళ్లకండి, వాటికి ప్రత్యేకంగా ఏఎక్స్ ఆయుధాలు కావాలి.

రైల్ గన్ సంగతి ఒకటి మిగిలింది. ట్రిగ్గర్‌ను దాదాపు సెకను నొక్కి పట్టి, ఆ సెకనంతా గురి తప్పకుండా ఉంచాలి. పైగా ఓడ వేడెక్కిపోతుంది. తమ్ముడికి అలవాటైంది. నేను వల్చర్‌ను అమ్మకుండా ఉంచుకున్నది రైల్ గన్ నేర్చుకోవడానికే. రెండు ఫిక్స్‌డ్ మల్టీక్యానన్లు బిగించి ఆదివారాలు ‘లో’ సైట్‌లో (ప్రమాదం తక్కువగా ఉండే వేట చోటు) చిన్న ఓడల మీద ముందు గురి కుదుర్చుకుంటున్నాను.