‘ఇతర దేశాలు’ గడిలో పడివున్న బంగారు పతకాలు: ఒక క్రీడా వీడియో సేవపై సమీక్ష

అంతర్జాతీయ పోటీల పాత రికార్డింగులను చందాదారులకు అందించే ఒక స్ట్రీమింగ్ సేవను మూడు నెలలుగా వాడుతున్నాను. చిన్న దేశాలు గెలిచిన పోటీలను కోత లేకుండా, ఆరంభం నుంచి ఆటగాళ్లు మైదానం వదిలి వెళ్లేదాకా చూడాలన్న కోరికతోనే చందా కట్టాను కనుక ఈ సమీక్ష ఆ ఒక్క విషయానికే పరిమితం. బొమ్మ స్పష్టంగా ఉంది, మధ్యలో ఆగదు, శబ్దం బాగుంది. ఇబ్బందంతా వెతుకులాటలోనే మొదలవుతుంది.

దేశాన్నిబట్టి వీడియోలను వేరు చేసే ఫిల్టరులో పెద్ద దేశాలకు జెండా బొమ్మతో సహా విడివిడి గడులున్నాయి. ఫిజీ, గ్రెనడా, సెయింట్ లూసియా, కొసొవో, సాన్ మరీనో మాత్రం జాబితా అట్టడుగున ‘ఇతర దేశాలు’ అన్న ఒకే గడిలో కుక్కినట్లు ఉన్నాయి. వీడియోల సంఖ్యనుబట్టి ఈ అమరిక చేశారని ఊహించగలను. లెక్కగా చూస్తే అందులో తప్పు కూడా లేదు. అయితే ఈ పోటీల్లో గెలిచినవాళ్లు ఆ గడిలోంచి బయటపడటానికే కదా పరుగెత్తింది!

2016 రియో ఒలింపిక్స్ రగ్బీ సెవెన్స్ ఫైనల్‌నే తీసుకుందాం. ఫిజీ 43-7తో గ్రేట్ బ్రిటన్‌ను ఓడించింది. విరామ సమయానికే 29-0. ఈ సేవ ముందుగా చూపించే ముఖ్యాంశాల వీడియో చివరి విజిల్‌తో ముగుస్తుంది. ఆట వరకు అది న్యాయమే, ఎందుకంటే ఉత్కంఠ ఎప్పుడో పోయింది. కానీ పూర్తి రికార్డింగు వెతికి పట్టుకుంటే అసలు విషయం విజిల్ తరువాతే కనిపిస్తుంది. ఫిజీ ఆటగాళ్లు ఒక్కొక్కరే మోకాళ్లమీద వంగి, బ్రిటన్ రాకుమారి యాన్ చేతులమీదుగా పతకం అందుకుంటారు. ఒకప్పుడు బ్రిటిష్ వలసగా ఉన్న దేశం అదే బ్రిటన్‌పై గెలిచి, తమ ఆచారం ప్రకారం మోకరిల్లి పతకం తీసుకోవడంలో అణకువ ఎంత ఉందో, నిండుతనం ఎంత ఉందో తేల్చుకోలేక ఆ భాగాన్ని నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాను. 1956 నుంచి ఒలింపిక్స్‌కు వెళ్తున్న ఫిజీకి ఏ రంగుదైనా సరే అదే తొలి పతకం. ఓడిన బ్రిటన్ అవే క్రీడల్లో 27 స్వర్ణాలతో ఇంటికి వెళ్లింది. దానికి ఆ రజతం ఒక పెద్ద పట్టికలో ఒక అంకె. ఫిజీలోనైతే ప్రభుత్వం సెలవు ప్రకటించింది, మరుసటి ఏడాది రిజర్వ్ బ్యాంకు ఏకంగా 7 డాలర్ల నోటు అచ్చువేసింది. జట్టులో ఏడుగురు ఆడతారు కాబట్టి ఏడు! ఒక గెలుపు నోటుగా మారి జేబుల్లోకి చేరడం పెద్ద దేశాల్లో ఊహించడం కష్టం.

2024 పారిస్‌లో ఆగస్టు 3 సాయంత్రానికి సంబంధించిన రికార్డింగు ఈ సేవలోని ఉత్తమమైన వస్తువు. తడిసిన ట్రాక్‌మీద సెయింట్ లూసియాకు చెందిన జూలియన్ ఆల్‌ఫ్రెడ్ 100 మీటర్లను 10.72 సెకన్లలో ముగించి, ఛాతీమీది పేరు చీటీని చింపి పట్టుకుని అరుస్తూ పరుగెడుతుంది. అదే సాయంత్రం, అదే మైదానంలో డొమినికాకు చెందిన థియా లాఫాండ్ 15.02 మీటర్లు దూకి ట్రిపుల్ జంప్ గెలిచింది. రెండూ కరీబియన్ ద్వీపదేశాలు, రెంటికీ అదే మొదటి ఒలింపిక్ పతకం. ముఖ్యాంశాల సంకలనంలో ట్రిపుల్ జంప్ పోటీకి చోటే దక్కలేదు. పూర్తి రికార్డింగులో మాత్రం రెండూ భద్రంగా ఉన్నాయి.

వ్యాఖ్యానాన్ని మార్చుకునే సదుపాయానికి ఈ సేవను మెచ్చుకోవాలి. 2016 యూరో కప్‌లో ఆస్ట్రియాపై చివరి క్షణాల్లో ఐస్‌లాండ్ గోలు కొట్టినప్పుడు ఆ దేశపు వ్యాఖ్యాత పెట్టిన కేకను అసలు గొంతుతోనే విన్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు, అర్థం కావలసిన అవసరమూ రాలేదు. అప్పటికి ఐస్‌లాండ్ జనాభా సుమారు మూడు లక్షల ముప్ఫై వేలు. శిక్షకుల్లో ఒకరు దంతవైద్యుడు, గోల్‌కీపరు సినిమాలు, ప్రకటనలు తీసే దర్శకుడు. అంత చిన్న సమాజంలో ఆటగాడికీ చూసేవాడికీ మధ్య దూరం ఉండదు. పోస్టరులో మాత్రమే కనిపించే వీరుడు కాడు, ఎవరికో పన్ను పీకిన మనిషి. తరువాత ఇంగ్లాండును 2-1తో ఓడించినప్పుడు ‘మనం గెలిచాం’ అన్న మాటలోని ‘మనం’ అక్కడ దాదాపు అక్షరాలా నిజం.

చిన్న దేశాల ఈ ఆనందమంతా జనాభా లెక్క మాత్రమేనంటూ ఈ సేవవాళ్లు జోడించిన పరిచయ వీడియోతో నేను ఏకీభవించను. పది కోట్లు దాటిన ఫిలిప్పీన్స్ 1924లో తొలిసారి ఒలింపిక్స్‌కు వెళ్లి, 97 ఏళ్లకు, 2021లో, వెయిట్‌లిఫ్టరు హిడిలిన్ డియాజ్ ద్వారా తొలి స్వర్ణం అందుకుంది. అక్కడి ఆనందం ఏ ద్వీపదేశానికీ తీసిపోలేదు. మరోపక్క, ముప్ఫై లక్షలైనా లేని జమైకాలో పరుగు పందెం గెలవకపోతేనే వార్త. కొలవవలసింది ఎంతమంది ఉన్నారని కాదు, ఎన్నాళ్లు ఎదురుచూశారని, మళ్లీ ఇలాంటి రోజు వస్తుందన్న నమ్మకం ఎంత ఉందని. 140 మ్యాచుల పాటు గెలుపు ఎరుగని సాన్ మరీనో ఫుట్‌బాల్ జట్టు 2024 సెప్టెంబరులో లీహ్‌టెన్‌స్టైన్‌పై 1-0తో గెలిచింది. దాని అంతకుముందు గెలుపు 2004 నాటిది. ఆ వీడియో శీర్షికలో ఈ సంగతి లేదు, ఉత్త స్కోరు మాత్రమే ఉంది.

నా పెద్ద ఫిర్యాదు కొసొవోకు సంబంధించినది. ఆ దేశపు జూడో క్రీడాకారిణి మైలిండా కెల్‌మెండి 2012 ఒలింపిక్స్‌లో అల్బేనియా తరఫున ఆడవలసి వచ్చింది. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం కొసొవోను గుర్తించాక, 2016 రియోలో సొంత జెండాతో దిగి 52 కిలోల జూడోలో స్వర్ణం గెలిచింది. కొసొవోను స్వతంత్ర దేశంగా ఒప్పుకోని ప్రభుత్వాలు ఇప్పటికీ అనేకం ఉన్నాయి. అలాంటి దేశం జెండా పైకి లేవడం, గీతం మోగడం జూడో పట్టుకన్నా ముఖ్యమైన ఘట్టం. ఈ సేవలోని రికార్డింగు సరిగ్గా పతక ప్రదానం ముందు తెగిపోయి, తరువాతి పోటీకి తనంతట తానే దూకుతుంది. సహాయ విభాగానికి రెండుసార్లు రాశాను. వేడుకలను ‘ఆటకు సంబంధం లేని భాగం’గా పరిగణిస్తామని జవాబు వచ్చింది.

వేడుకలు లేకపోయినా పరవాలేదనుకునేవారికి ఇది ఐదుకు నాలుగు స్టార్ల సేవ. నేను మూడు ఇస్తున్నాను. చందాను ఇంకో మూడు నెలలకు పొడిగించాను, ఎందుకంటే పారిస్ నాటి ఆ సాయంత్రం ఇంత పూర్తిగా నాకు మరెక్కడా దొరకలేదు. కెల్‌మెండి పతక ప్రదానాన్ని తిరిగి చేర్చి, ‘ఇతర దేశాలు’ గడిని విడగొట్టిన రోజున నాలుగో స్టారు కలుపుతాను.