మూడున్నర నిమిషాల రేసు కోసం స్పా దాకా

గ్రేటర్ నోయిడాలో 2011 నుంచి 2013 వరకు ఫార్ములా వన్ కార్ల రేసు జరిగింది. ఆ తర్వాత మన దేశం ముఖం చూడలేదు. అందుకే జర్మనీలోని ఆఖెన్‌లో ఉద్యోగం దొరకగానే నేను మ్యాపులో వెతికింది స్పా-ఫ్రాంకోర్‌షాంప్ ట్రాక్ ఎంత దూరమో అని. బెల్జియం సరిహద్దు దాటి కారులో సుమారు గంట. ఫార్ములా వన్ క్యాలెండర్‌లోకెల్లా పొడవైన ట్రాక్ అది, ఒక్క చుట్టు 7 కిలోమీటర్లు. 2021 ఆగస్టు 29న బెల్జియన్ గ్రాండ్ ప్రి చూడటానికి మిత్రులతో కలిసి అక్కడికి చేరుకున్నాను. రికార్డుల ప్రకారం ఆ రోజు రేసు జరిగింది. అక్కడ తడుస్తూ నిలబడ్డవాడిగా నేను మాత్రం జరగలేదనే అంటాను.

ముందు బస గురించి. ఆ ఏడాది జులై వరదలు వెర్వియే, పెపిన్‌స్టర్ ఊళ్లను అతలాకుతలం చేశాయి. మేం దారిలో చూసిన ఇళ్ల గోడల మీద నీళ్లు నిలిచిన చారలు ఇంకా చెరగలేదు. ఆ పరిస్థితిలో ఆ వైపు గదులు వెతకడం మాకు సబబు అనిపించలేదు. ట్రాక్‌కు దగ్గరి ఊరు మల్మెడీలో ఒక చిన్న అతిథి గృహం తీసుకున్నాం. గదులు ఇరుకే, కానీ వెచ్చగా ఉన్నాయి. ఇంటావిడ మా తడి బూట్లలో పాత వార్తాపత్రికలు కుక్కి హీటర్ పక్కన పెట్టేది. ఉదయానికల్లా ఆరిపోయేవి. ట్రాక్ పక్కన గుడారాల్లో దిగిన స్నేహితులు రాత్రంతా నీళ్లు తోడుకున్నారు. ఆర్డెన్ అడవుల్లో ఆగస్టు అంటే మన ఆగస్టు కాదు, సాయంత్రానికి చలి ఎముకలు కొరుకుతుంది. గుడారం చవకే అయినా అందులో దిగమని నేను ఎవరికీ చెప్పను.

టికెట్లలో బ్రాంజ్ రకం అన్నిటికన్నా చవక. సీటు ఉండదు, కొండవాలు మీద చోటు దొరికిన దగ్గర నిలబడాలి. వాన లేని రోజున ఇంతకన్నా మంచి టికెట్ లేదు. కెమెల్ స్ట్రెయిట్ అనే తిన్నని దారి పక్కన చెట్ల కింద నిలబడితే కార్లు రేదియోన్ అనే నిటారు ఎక్కుడు మలుపు ఎక్కి దూసుకురావడం కళ్లారా చూడొచ్చు. ఆ ఎత్తు ఎంతో టీవీలో ఎన్నేళ్లు చూసినా తెలియదు. లోయలో కారు కనబడుతుంది, ఊపిరి పీల్చేలోపు కొండ నెత్తిన ఉంటుంది. నేను మొదటిసారి చూసినప్పుడు మాట రాలేదు.

శనివారం క్వాలిఫయింగ్, అంటే రేసులో ఎవరు ఏ స్థానం నుంచి బయల్దేరాలో తేల్చే పరుగు, మా డబ్బుకు న్యాయం చేసింది. వాన ఎక్కువవుతోంది, పరుగు ఆపే ఎర్రజెండా చూపించండి అని డ్రైవర్ వెటెల్ రేడియోలో మొత్తుకుంటుండగానే మరో డ్రైవర్ నోరిస్ కారు రేదియోన్ దగ్గర గోడకు కొట్టుకుంది. అతను లేచి నడిచాడని తెర మీద చూసేదాకా చుట్టుపక్కల ఎవరూ మాట్లాడలేదు. 2019లో ఆంత్వాన్ యూబెర్ అనే కుర్రవాడు ఫార్ములా టూ రేసులో ప్రాణం పోగొట్టుకున్నది ఆ చోటనే మరి. ఆ తర్వాత జార్జ్ రస్సెల్ విలియమ్స్ కారులో రెండో స్థానం సాధించాడు. వెనక వరసల్లో తిరిగే కారు అది! వెర్‌స్టాపెన్ కోసం వచ్చిన నారింజ రంగు టోపీల డచ్ అభిమానులు కూడా లేచి చప్పట్లు కొట్టారు.

ఇక ఆదివారం. మూడు గంటలకు మొదలు కావాలి. కార్లు వరసగా నిలిచే గ్రిడ్‌కు వెళ్తూనే డ్రైవర్ పెరెజ్ కారు జారి గోడకు కొట్టుకుంది. 3:25కు సేఫ్టీ కారు (ఎవరూ దాటిపోకుండా అందరినీ నెమ్మదిగా నడిపించే కారు) వెనక అందరూ బయల్దేరారు, కాసేపటికే ఎర్రజెండా. అసలు చిక్కు నేల మీది నీళ్లు కాదు, గాలిలో లేచే తుంపర. మా ముందు నుంచి వెళ్లిన ఇరవై దాకా కార్లలో మొదటిది మాత్రమే కారులా కనబడింది. మిగిలినవన్నీ తెల్లటి పొగమంచులో మిణుకుమనే ఎర్రదీపాలు. ఆ స్థితిలో రేసు ఆపడం సరైన నిర్ణయమే. ఈ మాట ఎవరితోనైనా వాదించి చెబుతాను.

నాకు కష్టం కలిగించింది ఆ తర్వాతి మూడు గంటలు. మేం ఉన్నవైపు లౌడ్‌స్పీకర్ మాట సగం గాలికి పోయింది. ఏం జరగబోతోందో చెప్పడానికి ఒక్క మనిషి రాలేదు. సిబ్బందిని అడిగితే భుజాలు ఎగరేశారు. పొట్లంలోని బంగాళదుంప వేపుళ్లు నోటికి చేరేలోపు వాన నీళ్లలో నానిపోయాయి. రెయిన్‌కోటు చేతుల్లోంచి నీళ్లు మోచేతుల దాకా దిగాయి. మరుగుదొడ్ల దారి మోకాలి దాకా బురద. ఐదింటికి రేసు గడువు లెక్కించే గడియారం ఆపారని తెర మీద రాగానే, ఇంకా ఒక గంట రేసుకు చోటుందని జనమంతా కేరింతలు కొట్టారు. మా పక్కన ఒక తండ్రి నిద్రపోతున్న కొడుకును లేపి భుజాల మీద ఎక్కించుకున్నాడు.

6:17కు మళ్లీ సేఫ్టీ కారు. దాని వెనక కొన్ని చుట్లు, మళ్లీ ఎర్రజెండా, అంతే. ఫలితం మొదటి చుట్టు ముగిసిన దగ్గర లెక్కగట్టారు: 3 నిమిషాల 27 సెకన్లు. ఒక్క ఓవర్‌టేక్ లేదు. వెర్‌స్టాపెన్, రస్సెల్, హామిల్టన్‌లకు ఏడాది టైటిల్‌కు లెక్కించే పాయింట్లలో సగం ఇచ్చి పోడియం ఎక్కించి షాంపేన్ చల్లించారు. అది చూస్తుంటే నాకు కడుపు మండింది. వాన వల్ల రద్దయింది అని చెప్పి ఉంటే దండం పెట్టి ఇంటికి వెళ్లేవాళ్లం. అభిమానుల డబ్బు తిరిగి ఇవ్వాలని ఆ సాయంత్రమే బహిరంగంగా అన్న హామిల్టన్ మీద నాకు గౌరవం పెరిగింది.

తిరుగుదారి ఇంకో కథ. పార్కింగ్ కోసం ఇచ్చిన పొలాల్లో కార్లు ఇరుసుల దాకా దిగబడిపోయాయి. ఊళ్లోని రైతులు ట్రాక్టర్లు తెచ్చి ఒక్కొక్కటే లాగారు. మా కారు లాగిన ముసలాయన డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. నిర్వాహకుల తరఫున మాత్రం ఆ పొలంలో ఎవరూ కనబడలేదు.

వెళ్లాలనుకునేవారికి నా మాట: వెళ్లండి, స్పా తప్పక చూడాల్సిన చోటే. బ్రాంజ్ టికెట్ కొన్నా సరే, కానీ గొడుగును నమ్ముకోవద్దు. రబ్బరు బూట్లు, మోకాళ్లు దాటే రెయిన్‌కోటు, ఫోనుకు ప్లాస్టిక్ సంచి ఉండాలి. చేతిలో డబ్బుంటే పైకప్పు ఉన్న స్టాండు ఎంచుకోండి. కారును తారు వేసిన చోట వదిలి మిగతా దూరం నడవండి. శనివారం ఒక్కరోజే వెళ్లినా నష్టం లేదు.

ఆ రోజు తర్వాత 2022కు నిబంధన మార్చారు. సేఫ్టీ కారు లేకుండా కనీసం రెండు చుట్లు పరుగు సాగితేనే పాయింట్లు. మంచిదే. మాకు టికెట్ డబ్బు మాత్రం వాపసు రాలేదు. ఇన్ని చుట్లు జరగకపోతే ఇంత డబ్బు తిరిగి ఇస్తామని టికెట్ మీదే అచ్చు వేయాలి. డ్రైవర్ల పాయింట్లకు లెక్క కట్టగలిగినవారికి ఆ లెక్క కట్టడం కష్టమేమీ కాదు.