‘సైలెంట్ కేబుల్’ పేరుతో అమ్ముతున్న ఇయర్‌ఫోన్ తీగను కొనేవారికి హెచ్చరిక

కోఠిలో ఆ దుకాణం మెట్లు దిగి వచ్చి రెండు గంటలు కూడా కాలేదు కాబట్టి ఈ మాటల్లో కోపం కనిపిస్తే మన్నించండి. ఇయర్‌ఫోన్లకు కేబుళ్ళు విడిగా అమ్మే ఆ దుకాణం ఏదో, కౌంటరు వెనక కూర్చునే ఆ పెద్దమనిషి ఎవరో, ఈ పిచ్చిలో కాస్త మునిగినవారికి నేను చెప్పనక్కరలేదు. నడిచేటప్పుడు వచ్చే చప్పుడు అసలే ఉండదంటూ ఆయన అమ్ముతున్న ఎనిమిది పాయల జడ తీగను శనివారం నాడు 2,400 రూపాయలు పోసి కొన్నాను. మీరు మాత్రం కొనకండి.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. వైద్యులు రోజూ నడవమన్నారు, నేను ఉదయం పూట కేబీఆర్ పార్కుకు వెళుతున్నాను, చెవుల్లో ఏదో ఒక కచేరీ మోగుతూ ఉంటే తప్ప నాకు కాళ్ళు కదలవు. నా ఇయర్‌ఫోన్లు చెవి రంధ్రంలోకి పూర్తిగా దిగే తూటా ఆకారపువి, కేబుల్ విప్పి మార్చుకునే రకం. కూర్చుని వింటే ఏ లోటూ లేదు గానీ, నడక మొదలుపెట్టగానే తీగ చొక్కా గుండీలకూ కాలరుకూ రాసుకుని, ఆలాపన నడుమ ఎవరో గోడను గరిటెతో గీకుతున్నట్టు బరబరమనేది. దీన్నే మైక్రోఫోనిక్స్ అంటారని, కేబుల్ మారిస్తే పోతుందని ఎక్కడో చదివి, తోక తొక్కినట్టు కోఠికి పరుగెత్తాను.

ఇక దుకాణంలో జరిగిన ప్రదర్శన గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసమంతా అక్కడే ఉంది. ఆయన ముందుగా నా పాత కేబుల్‌తోనే ఇయర్‌ఫోన్లను స్వయంగా నా చెవుల్లో పెట్టి, తీగను రెండు వైపులా నేరుగా కిందికి వేలాడదీసి, దాన్ని నా చొక్కా మీద రెండు మూడు సార్లు రాపాడించి, “చూసిన్రా సార్, ఎంత లొల్లి పెడుతుందో” అన్నాడు. నిజమే, చెవులు చిల్లులు పడేటంత గోల. తరువాత కొత్త కేబుల్ తగిలించి, ఈసారి తీగను చెవుల పైనుంచి వెనక్కి తిప్పి, కుడి, ఎడమ తీగలు కలిసే చోట ఉండే చిన్న స్లైడరును గడ్డం కిందికి దాకా జరిపి బిగించి, దాని కింద చొక్కాకు ఒక క్లిప్పు కూడా పెట్టి, “ఇప్పుడు తల ఊపుండ్రి” అన్నాడు. నేను గంగిరెద్దులా తల ఊపాను. చప్పుడు లేదు. వెండి పూత వేసిన రాగి అనీ, అందుకే చప్పుడును లోపలే మింగేస్తుందనీ ఆయన చెప్పిన వివరణకు కూడా అదే తల మళ్ళీ ఊపాను.

నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ఈ వాక్యం రాయడానికి నాకెంత సిగ్గుగా ఉందో మీరు ఊహించుకోవచ్చు.

ఆదివారం ఉదయం పార్కులో పది అడుగులు వేయకముందే బరబర మొదలైంది, పైగా పాతదాని కంటే ఎక్కువగా వినిపించింది. ఫోనులో ఏదైనా లోపమేమోనన్న అనుమానంతో ఒక బల్ల మీద కూర్చుని, జాక్ పూర్తిగా పీకేసి, తీగను గోటితో గీరి చూశాను. పాట లేదు, కరెంటు లేదు, చప్పుడు మాత్రం చెవిలో యథాతథంగా ఉంది. చిన్నప్పుడు రెండు ఖాళీ అగ్గిపెట్టెలకు దారం కట్టి టెలిఫోను ఆడుకున్నవారందరికీ తెలిసిన సంగతే ఇది: బిగువుగా ఉన్న దారం కదలికను ఒక కొస నుంచి మరో కొసకు మోసుకుపోతుంది. చెవి రంధ్రం మూసుకుపోయేలా ఇయర్‌ఫోను పెట్టుకున్నప్పుడు ఆ తీగ వైద్యుడి స్టెతస్కోపు గొట్టంలా పనిచేస్తుంది, చొక్కా మీద జరిగిన రాపిడంతా నేరుగా చెవికి చేరుతుంది. ఇందులో వెండికేం పని? విద్యుత్తును మోయడంలో వెండి రాగి కంటే ఐదారు శాతం మెరుగైతే కావచ్చు గానీ, తీగ గుడ్డకు రాసుకుంటే వచ్చే చప్పుడు లోపలి లోహం పేరు అడిగి రాదు. పైనున్న తొడుగు ఎంత గరుకుగా ఉంది, తీగ ఎంత బిర్రుగా ఉంది, ఎంత లాగబడి ఉంది అన్నదే లెక్క. ఎనిమిది పాయల జడ అంటే మెత్తటి సన్న తీగ కంటే లావూ, బిర్రూ, మెలికకూ మెలికకూ మధ్య గట్లూ. ఏటా పిల్లలకు ఘనపదార్థాలలో ధ్వని ప్రసారం గురించి పాఠం చెప్పే మనిషి, ఆ గట్లను వేలితో తడిమి చూసి మరీ డబ్బు కట్టి వచ్చాడు.

ఇంటికి వచ్చి గొణుక్కుంటూ ఉంటే మా అమ్మాయి, “నాన్నా, దుకాణంలో ఎలా పెట్టుకున్నారు, ఇలాగే వేలాడేశారా?” అని అడిగింది. అప్పుడు గానీ నా బుర్రలో దీపం వెలగలేదు. పాత కేబుల్ మళ్ళీ తగిలించి, చెవుల పైనుంచి వెనక్కి తిప్పి, స్లైడరు పైకి జరిపి, చొక్కాకు అమ్మాయి జడ క్లిప్పు ఒకటి పెట్టుకుని హాల్లో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను. చప్పుడు దాదాపుగా లేదు! తీగ చెవి డొప్ప మీదుగా మలుపు తిరిగినప్పుడు కింది నుంచి వచ్చే కదలికలో చాలా భాగం ఆ మెత్తటి భాగంలోనే ఆగిపోతుంది, క్లిప్పు దగ్గర ఇంకొంత ఆగుతుంది, క్లిప్పుకు పైన కాస్త వదులు ఉంచితే లాగుడు కూడా ఉండదు. అంటే దుకాణంలో ఆయన పోల్చి చూపించింది రెండు కేబుళ్ళను కాదు, రెండు రకాల అలంకారాలను. పాతదాన్ని వేలాడదీసి, కొత్తదాన్ని సింగారించి చూపించాడు. ఇంతకీ ఆ క్లిప్పు డబ్బాలో లేదు, అది దుకాణం సొత్తట.

ఈ సాయంత్రం కేబుల్ పట్టుకుని వెళ్ళి, గొంతు పెంచకుండా, నిన్న నేను చేసిన పరీక్షనే ఆయన ముందు చేసి చూపించాను. ఆయన నా వంక కూడా చూడకుండా, ఫోనులో వేలు జరుపుకుంటూ, “సార్, పాటలు వినాల్నంటే ఒక్కకాడ కూసొని వినాలె. ఉరుకుకుంట వినేటోళ్ళకు బంగారపు కేబులిచ్చినా గింతే” అన్నాడు. పక్కన నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. “మరి నడకలో చప్పుడు ఉండదని చెప్పే కదా అమ్మారు” అంటే, “మీరు చూసుకునే కొన్నరు గదా, తల గూడ ఊపిన్రు” అన్నాడు. 2,400 పోయినందుకు కాదు, ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయినందుకు ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. ఊపాను కదా మరి.

బిల్లు సంగతి కూడా ఒప్పుకోవాలి. జీఎస్టీ బిల్లు కావాలంటే 18 శాతం అదనం, లేదంటే ఎస్టిమేటు చీటీ అన్నాడు, నేను మహా తెలివిగా చీటీ తీసుకున్నాను. ఆ చీటీ మీద దుకాణం పేరు లేదు, వస్తువు పేరు లేదు, “2,400” అన్న అంకె, కింద “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అన్న ముద్ర మాత్రం ఉన్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే, లోపమున్న సరుకును వాపసు తీసుకోనని మొండికేయడం కూడా అదే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు రేపు ఫోను చేస్తాను, కానీ ఈ అనామక చీటీతో ఏం నిరూపిస్తానో నాకే తెలియాలి. పన్ను మిగుల్చుకున్న బుద్ధిమంతుడికి ఆ మాత్రం శాస్తి జరగవలసిందే.

మీరు కేబుల్ కొనేముందు, ఉన్నదాన్నే చెవి మీదుగా తిప్పి, లేదా చొక్కా లోపలి నుంచి వేసి ఒక రోజు నడిచి చూడండి. అప్పటికీ కొనవలసి వస్తే సన్నగా, నున్నగా, మెత్తగా ఉన్నదాన్ని ఎంచుకుని, రెండింటినీ ఒకే తీరుగా పెట్టుకుని దుకాణం ముందు నాలుగు అడుగులు వేసి, బిల్లు అడగండి. అడుగు పడినప్పుడల్లా తలలో ధన్ ధన్ మనే మోత మాత్రం వేరు, అది మూసిన చెవిలో మన ఎముకల గుండా వచ్చే సొంత అడుగుల చప్పుడు, ఏ కేబుల్ మార్చినా అది పోదు. అదీ పోతుందని ఆయన చెప్పాడు.